సీటు దగ్గర మొదలుపెట్టి క్యామ్ దాకా: పాత ఇంజనుకు వాల్వ్ సామాన్ల ఎంపిక

(పాత కార్ల ఇంజన్లు సొంతంగా విప్పి కట్టుకునేవారి కోసం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలకు వినిపిస్తోందా? సరే.

ముందుగా ఈ టాపెట్‌ను మీ చేతికి ఇస్తున్నాను. తిరిగే క్యామ్ మీది ఉబ్బు, అంటే లోబు, దీన్ని తోస్తుంది; ఇది పుష్‌రాడ్ అనే కడ్డీని, ఆ కడ్డీ రాకర్ అనే ఊగే చేతిని తోస్తాయి; రాకర్ వాల్వును తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. చూసి పక్కవాళ్లకు అందించండి. అడుగు భాగాన్ని బొటనవేలితో తడమండి. మధ్యలో గుంట తగులుతుంది, చుట్టూ అంచు బ్లేడులా పదునుగా ఉంటుంది, కాస్త జాగ్రత్త. అది ఎన్నేళ్లు తిరిగిన టాపెట్టో చివర్లో చెబుతాను.

ఇంజను విప్పినవాళ్లు నన్ను మొట్టమొదట అడిగేది ఒకటే: "ఏ క్యామ్ వేయమంటారు?" వాల్వు కాడ జారే గొట్టాల గురించి, అంటే గైడ్ల గురించి అడిగినవాళ్లు ఇన్నేళ్లలో నాకు ఇద్దరో ముగ్గురో తగిలారు. క్యామ్ మీద అందరికీ మోజు. తప్పేం లేదు, నాకూ ఉండేది. కేటలాగు తెరిచి, అందులో పెద్దగా కనిపించిన క్యామ్ కొనేసి, ఆ తర్వాత దానికి తగిన స్ప్రింగుల కోసం, వాటిని పైనుంచి పట్టి ఉంచే కాలర్ల కోసం, పొడవు కుదిరే పుష్‌రాడ్ల కోసం వెతుక్కుంటూ తిరిగాను. ఇప్పుడు పని తిరగేసి చేస్తున్నాను. వాల్వు మూసుకున్నప్పుడు ఆనే చోటు, అంటే సీటు దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టూ కొలుచుకుంటూ, క్యామ్‌ను ఆఖరున ఎంచుకుంటాను. ఇవాళ చెప్పబోయేది అంతా ఆ వరసలోనే ఉంటుంది.

ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే క్యామ్‌షాఫ్ట్ అందులో సగం, 1,500 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు లేచి కూర్చోవాలి. మనం రోడ్డు మీద తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటూ వెళ్లే వేగంలో జరిగే సంగతి ఇది. పైగా ఎగ్జాస్ట్ వాల్వు తల ఎర్రగా కాలే వేడిలో ఉంటుంది. ఆ వేడి బయటికి పోవడానికి దానికి రెండే దారులు. దాదాపు ముప్పావు వంతు సీటు ద్వారా పోతుంది, మిగిలింది కాడ మీదుగా గైడులోకి పోతుంది. వాల్వు మూసుకున్న ఆ కాస్త సమయంలోనే అది చల్లబడాలి. సీటు మీద సరిగా కూర్చోలేని వాల్వుకు చల్లబడే దారే లేదు. ఎంత ఖరీదైన క్యామ్ వేసినా అది కాలిపోతుంది.

సీటు అన్నాను కదా, పని మాత్రం గైడుతో మొదలవుతుంది. సీటు కోసే పనిముట్టు నిలబడేది గైడు రంధ్రంలోనే. అరిగిన గైడును ఆధారం చేసుకుని సీటు కోస్తే సీటు పక్కకు జరుగుతుంది. గైడ్లు తర్వాత మారుద్దాంలే అని సీట్లు ముందే కోయిస్తే ఆ డబ్బు రెండోసారి కట్టాలి. 8 మిల్లీమీటర్ల కాడకు ఇన్‌లెట్ వైపు గైడు సందు ఉజ్జాయింపుగా 0.03 నుంచి 0.05 మి.మీ. ఉంటుంది. ఎగ్జాస్ట్ కాడ వేడికి ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి ఆ వైపు ఇంకాస్త ఇస్తారు. అసలు అంకె మీ ఇంజను మాన్యువల్లో ఉంటుంది, దాన్నే పాటించండి. చేత్తో ఊపి చూసి "బాగానే ఉంది" అనే మాటను మాత్రం నేను నమ్మను. డయల్ గేజ్ పెట్టి చూడండి.

గైడ్లు పోత ఇనుమువీ దొరుకుతాయి, కంచువీ దొరుకుతాయి. నూనె తక్కువ అందినా కంచు ఓర్చుకుంటుంది, వేడినీ త్వరగా లాగేస్తుంది. అలాగని ఇనుము పనికిరానిదేం కాదు, లక్షల ఇంజన్లు దాని మీదే జీవితకాలం నడిచాయి. మామూలు రోడ్డు కారుకు అసలు ఏది ఉందో అదే వేయిస్తాను. ఒకటి గుర్తుంచుకోండి. పాత ఇనప గైడ్లు వాల్వు కాడ వెంట జారే నూనె మీద బతుకుతాయి. వాటి మీద నూనెను ఆపే కొత్తరకం బిగుతు సీళ్లు ఎక్కిస్తే పొగ ఆగుతుంది, గైడు ఎండిపోతుంది. చాలా పాత ఇంజన్లలో ఎగ్జాస్ట్ వైపు సీలే ఉండదు. అది కక్కుర్తో మరుపో కాదు, కావాలనే వదిలేశారు. మారుస్తున్న సీళ్లు మాత్రం వేడిని తట్టుకునే వైటాన్ రబ్బరువి తీసుకోండి. నైట్రైల్ రబ్బరు వేడికి గట్టిపడి గోళీలా విరుగుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పెడు నీలం పొగ వచ్చి ఆగిపోతే, పిస్టన్ రింగుల కంటే ముందు సీళ్లు, గైడ్లు అనుమానించండి.

ఇప్పుడు సీట్లు. పెట్రోల్లో సీసం కలిపిన కాలంలో తయారైన ఇనప హెడ్లలో (సిలిండర్ల మీది మూతల్లో) సీటు విడిగా ఉండదు, హెడ్‌లోనే కోసి ఉంటుంది. టెట్రాఇథైల్ లెడ్ ఇంజను నాక్ కొట్టకుండా ఆపుతుందని 1921లో కనుక్కున్నారు. అది కాలాక మిగిలిన సీసపు పొర వాల్వుకీ సీటుకీ మధ్య మెత్తలా పనిచేసింది. ఎవరూ అడగని ఉపకారం అది. సీసం విషమని తీసేశాక ఆ మెత్త పోయింది. బాగా వేడెక్కిన ఎగ్జాస్ట్ వాల్వు సీటుకు అతుక్కుని, లేచినప్పుడల్లా రవ్వంత ఇనుమును పెరుక్కుని పోతుంది. అలా సీటు మెల్లగా లోపలికి దిగిపోతుంది.

దీని లక్షణం మనల్ని మోసం చేస్తుంది. అరిగితే టాపెట్ సందు పెరుగుతుందని అందరం అనుకుంటాం. ఇక్కడ తగ్గుతుంది. సీటు దిగితే వాల్వు కాడ పైకి వస్తుంది, రాకర్‌కీ దానికీ మధ్య సందు పూడుకుపోతుంది. సందు పెరిగితే టకటకమని చెబుతుంది, తగ్గితే నోరెత్తదు. ఇంజను సాఫీగా ఉందని మనం మురిసిపోతుంటే లోపల వాల్వు పూర్తిగా మూసుకోక అంచు కాలుతుంటుంది. నన్నడిగితే టాపెట్ల చప్పుడు లేని పాత ఇంజనే నాకు ఎక్కువ టెన్షన్ పెడుతుంది.

అందుకని గట్టి సీటు రింగులు వేయించాలా? అల్యూమినియం హెడ్డయితే ఎటూ రింగులు ఉంటాయి, అవి ఏ రకమో చూసుకుంటే చాలు. ఇనప హెడ్ అయితే, నెలకోసారి నెమ్మదిగా తిప్పే బండికి తొందర లేదు, ఏటా సందు చూసుకుంటే సరిపోతుంది. లోడుతో, ఎక్కువ వేగంతో దూరాలు వెళ్లేవాళ్లు ఎగ్జాస్ట్ వైపు వేయించుకోండి. ఇన్‌లెట్‌కు చల్లటి మిశ్రమం తగులుతూ ఉంటుంది, దానికి దాదాపు అక్కర్లేదు. కొన్ని హెడ్లలో సీటు కింద గోడ పల్చన, దాని వెనకే నీళ్ల దారి. రింగు కోసం కోస్తూ కోస్తూ నీళ్లలోకి దిగిపోయిన హెడ్లు చూశాను. ఆ రకం హెడ్ మీద చేయి తిరిగినవాడికే ఇవ్వండి.

వాల్వుల విషయం తొందరగా ముగిస్తాను. గ్రైండింగ్ అయ్యాక ఎగ్జాస్ట్ వాల్వు అంచు మందం మిల్లీమీటరు కంటే తగ్గితే పక్కన పెట్టేయండి, పల్చటి అంచు వేడిని పట్టుకుని నిప్పులా మండుతుంది. కొత్తవి కొనేటప్పుడు 21-4ఎన్ అన్న పేరు వింటారు. 21 శాతం క్రోమియం, 4 శాతం నికెల్ ఉన్న ఉక్కు అది, ఎగ్జాస్ట్‌కు మంచిది. అయస్కాంతం పెడితే తల పట్టుకోదు. కాడ చివర వేరే గట్టి ఉక్కు అతికి ఉంటే ఆ కొన పట్టుకుంటుంది. కొన్ని పెద్ద ఇంజన్లలో సోడియం నింపిన బోలు వాల్వులు ఉంటాయి. వాటిని కోయకండి, కొట్టకండి, చెత్తలో పారేయకండి. సోడియానికి నీళ్లు తగిలితే మంట పుడుతుంది.

స్ప్రింగుల దగ్గర కాస్త ఆగుదాం. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

స్ప్రింగు కొనేటప్పుడు "ఇది గట్టిదా?" అని అడుగుతారు. ఏ ఎత్తులో గట్టిది? స్ప్రింగు పెట్టెలో ఉన్నప్పటి పొడవు మనకు పెద్దగా పనికిరాదు. హెడ్ మీద, కాలర్ కింద, వాల్వు మూసుకుని ఉండగా ఎంత ఎత్తులో ఇముడుతుందో అది కావాలి. లెక్క చేసి చూద్దాం. ఒక స్ప్రింగు 42 మి.మీ. ఎత్తులో 40 కిలోల బరువుతో నొక్కుతుంది, ప్రతి మిల్లీమీటరు అణిచినకొద్దీ 5 కిలోలు పెరుగుతుంది అనుకోండి. వాల్వు 10 మి.మీ. తెరుచుకుంటే 90 కిలోలు. బాగుంది. ఇప్పుడు మీ సీట్లు కోయించారు, వాల్వులు గ్రైండ్ చేయించారు. వాల్వు లోపలికి దిగింది, కాడ 1.2 మి.మీ. పైకి వచ్చింది, దాంతో పాటు కాలరూ పైకి వెళ్లింది. స్ప్రింగుకు 43.2 మి.మీ. చోటు దొరికింది. మూసుకున్నప్పటి 40 కిలోలు 34 అయ్యాయి. కొత్త స్ప్రింగే, అయినా సత్తువ తగ్గింది. ఎక్కువ వేగంలో వాల్వు సీటు మీద ఎగిరి పడుతుంది, ఇంజను నత్తి పలుకుతుంది, మీరు కార్బురేటర్‌ను తిట్టుకుంటారు. స్ప్రింగు కింద 1.2 మి.మీ. మందం వాషరు, అదే షిమ్ము, వేస్తే లెక్క మళ్లీ 40కి వస్తుంది. మందు అంత చిన్నది, కానీ ప్రతి వాల్వుకీ విడిగా కొలవాలి. ఎనిమిదింటికి ఎనిమిది అంకెలు కాగితం మీద ఉండాలి.

రెండోది, పూర్తిగా తెరుచుకున్నప్పుడు. అదే స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి ఆనుకునే ఎత్తు 29 మి.మీ. అనుకోండి. 10 మి.మీ. లిఫ్టుతో, అంటే వాల్వు తెరుచుకునే దూరంతో, 32 దగ్గర ఆగుతుంది, 3 మి.మీ. మిగులుతుంది. ఇంత ఉంటే నిశ్చింత. కనీసం ఒకటిన్నర మిల్లీమీటర్లు మిగలాలి. ఇప్పుడు ఎవరో చెప్పారని 12.5 మి.మీ. లిఫ్టు క్యామ్ తెచ్చారు. మిగిలేది అర మిల్లీమీటరు. వేగం పెరిగినప్పుడు చుట్టలు ఆనుకున్నాయంటే ఎక్కడో ఒకచోట ఏదో వంగాలి. పుష్‌రాడ్ వంగితే అదృష్టం. కాలర్ కిందకీ సీలు పైకీ మధ్య కూడా ఇంతే చోటు ఉండాలి. దాన్ని మరిచిపోయిన హెడ్ విప్పితే సీళ్లు పిండి కొట్టినట్టు కనిపిస్తాయి.

మరి ఇంకా గట్టి స్ప్రింగులు వేసేస్తే? ఆ అదనపు బరువంతా మోసేది క్యామ్ ముక్కు, టాపెట్ అడుగు. అవసరానికి మించి ఒక్క కిలో కూడా నేను వేయను. కాలర్‌ను కాడకు బిగించే వాల్వు లాకులు కూడా కొత్తవి వేయండి, కానీ కాలర్ ఏటవాలు, లాకు ఏటవాలు ఒకటేనని చూసుకోండి. 7 డిగ్రీలవీ ఉన్నాయి, 10 డిగ్రీలవీ ఉన్నాయి. కలిపి వేస్తే చేతికి పట్టినట్టే ఉంటుంది, ఇంజను నడిచాక వాల్వు సిలిండర్‌లోకి జారుతుంది.

రాకర్లు. ఇది దగ్గరగా చూడండి. రాకర్ కొన వాల్వు కాడ మీద రుద్దుకుని రుద్దుకుని, సరిగ్గా కాడ వెడల్పున గుంట పడుతుంది. సందు కొలిచే ఫీలర్ గేజ్ బద్ద తిన్నగా ఉంటుంది కదా, అది గుంటలోకి దిగదు, రెండు అంచుల మీద వంతెనలా ఆగుతుంది. గుంట పదో వంతు మిల్లీమీటరు ఉంటే, మీరు 0.30 పెట్టానని అనుకుంటారు, లోపల ఉండేది 0.40. ఎన్నిసార్లు సెట్ చేసినా చప్పుడు పోదు. టాపెట్ సెట్టింగ్ రాదని ఎంతోమంది మెకానిక్కులు అన్యాయంగా మాటలు పడ్డారు. కొనను సానరాయి మీద మళ్లీ రూపుకు తెప్పించాలి, లేదా రాకర్ మార్చాలి. రాకర్ షాఫ్ట్ అయితే కింది వైపు అరుగుతుంది. పైనుంచి చూస్తే కొత్తదానిలా మెరుస్తుంది. తిప్పి గోరు పెట్టి లాగండి. నూనె రంధ్రాలు ఎటు చూస్తున్నాయో విప్పేముందే ఫొటో తీసుకోండి.

పుష్‌రాడ్లను అద్దం మీద దొర్లించండి, వంకర ఉంటే చప్పుడే చెబుతుంది. పొడవు సంగతి మాత్రం ఆలోచించాలి. హెడ్‌ను అర మిల్లీమీటరు ఫేసింగ్ చేయిస్తే, అంటే అడుగు చెక్కించి చదును చేయిస్తే, రాకర్లు అంత కిందికి వచ్చాయి. ఉన్న పుష్‌రాడ్ అర మిల్లీమీటరు పొడవైనట్టే లెక్క. పాత క్యామ్‌ను మళ్లీ గ్రైండ్ చేయిస్తే దాని గుండ్రటి భాగం చిన్నదవుతుంది, అప్పుడు పుష్‌రాడ్ పొట్టిదవుతుంది. గ్యాస్కెట్ మందం మారినా లెక్క మారుతుంది. సర్దుబాటు స్క్రూ ఉన్న రాకర్లు కొంత తేడాను మింగేస్తాయి, లేనివి మింగవు. తేల్చుకోవడానికి కాడ కొనకు మార్కర్ పూసి, ఇంజనును చేత్తో నాలుగు చుట్లు తిప్పి చూడండి. రాకర్ రుద్దిన గీత సన్నగా, కొన మధ్యలో పడాలి. వెడల్పుగానో, ఒక అంచుకో పడితే వాల్వును గైడులో పక్కకు నెడుతోందన్నమాట. ఇందాక డబ్బు పోసి మార్చిన గైడే కదా అది.

సరే, క్యామ్‌కు వచ్చాం. (నవ్వులు)

డ్యూరేషన్, అంటే వాల్వును తెరిచి ఉంచే కాలం, ఎక్కువున్న క్యామ్ ఇన్‌లెట్ వాల్వును ఆలస్యంగా మూస్తుంది. పిస్టన్ పైకి రావడం మొదలెట్టాక కూడా అది తెరిచే ఉంటుంది. ఎక్కువ వేగంలో గాలి తోసుకుంటూ వస్తుంది కాబట్టి లాభం. తక్కువ వేగంలో పిస్టన్ ఆ గాలినే వెనక్కి నెట్టేస్తుంది. సిలిండర్‌లో మిగిలింది తక్కువ, నొక్కుడు తక్కువ, లాగుడు తక్కువ. కంప్రెషన్ తక్కువున్న పాత ఇంజనులో ఇది మరీ తెలుస్తుంది. రోజూ మీరు కాలు పెట్టి నడిపే వేగం ఎంత? నిజాయితీగా జవాబు చెప్పుకుని, కేటలాగులో మీకు నచ్చినదానికి ఒక మెట్టు కింద ఉన్నది తీసుకోండి. కేటలాగు అంకెల్లో ఇంకో తిరకాసు ఉంది. ఒకరు వాల్వు కదలడం మొదలైనప్పటి నుంచి డ్యూరేషన్ కొలుస్తారు, ఇంకొకరు టాపెట్ 1.27 మి.మీ. లేచాక. ఒకే క్యామ్‌కు రెండు లెక్కల మధ్య 50 డిగ్రీలకు పైగా తేడా రావచ్చు. ఒకే రకం అంకెలను ఒకదానితో ఒకటి పోల్చండి.

లిఫ్టు పెరిగినా, హెడ్ ఫేసింగ్ చేయించినా, వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య చోటు చూడకుండా స్టార్ట్ చేయకండి. పిస్టన్ మీద బంకమన్ను పెట్టి, హెడ్ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్లీ విప్పి మన్ను మందం కొలవండి. ఇన్‌లెట్ దగ్గర 2 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర 2.5 మి.మీ. తగ్గకూడదు.

ఇక టాపెట్లు. చదును టాపెట్ అంటాం గానీ అది చదునుగా ఉండదు. రెండు కొత్త టాపెట్లను అడుగుకు అడుగు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. అంచుల్లోంచి వెలుగు కనిపిస్తుంది, కొంచెం ఊగుతాయి కూడా. చాలా ఇంజన్లలో అడుగు కంటికి తెలియనంత ఉబ్బెత్తుగా ఉంటుంది, క్యామ్ లోబు ఒక పక్కకు చిటికెడు వాలుగా ఉంటుంది. అందువల్ల టాపెట్ తన చుట్టూ తాను తిరుగుతూ పనిచేస్తుంది. తిరగడం ఆగితే ఒకేచోట రుద్దుకుని గంటల్లో పోతుంది. కొత్త క్యామ్ మీద పాత టాపెట్లు వేయకూడదనేది ఇందుకే.

ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న టాపెట్ సంగతి. అది గంటసేపు తిరిగింది. అవును, ఒక్క గంట. నా సొంత ఇంజను. క్యామ్ కొత్తది, టాపెట్లు కొత్తవి, లోబులకు మాలిబ్డినం పేస్టు శుభ్రంగా పూశాను. తర్వాత డిస్ట్రిబ్యూటర్‌ను తిరగేసి పెట్టాను. స్టార్ట్ కాలేదు. పది నిమిషాలు స్టార్టర్ తిప్పుతూనే ఉన్నాను, పూసిన పేస్టంతా తుడిచిపెట్టుకుపోయింది. తప్పు దొరికి స్టార్ట్ అయ్యాక ఎక్కడో నీళ్లు కారుతున్నాయని స్లో స్పీడులో వదిలి, టార్చి పట్టుకుని కింద దూరాను. క్యామ్‌కు లోబుల మీదకు నూనె పంపు నుంచి నేరుగా అందదు, క్రాంకు చిమ్మితేనే అందుతుంది. స్లోలో చిమ్మేది ఎంత? పైగా పోసిన నూనె కొత్తరకం కార్లకు తగ్గది.

ఆ నూనె సంగతీ చెప్పాలి. లోబును కాపాడే మందు జింక్ డైథయోఫాస్ఫేట్, వాడుకలో "జింకు" అంటాం. అందులోని ఫాస్ఫరస్ ఎగ్జాస్ట్ పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్లను పాడుచేస్తుంది. అందుకే 2004లో వచ్చిన ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్‌ఎం ప్రమాణం పల్చటి గ్రేడు నూనెల్లో ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి, అంటే 800 పీపీఎంకు (పది లక్షల్లో 800 వంతులకు) కట్టడి చేసింది. అడుగున చిన్న చక్రం ఉన్న రోలర్ టాపెట్ల ఇంజన్లకు అది చాలు. చదును టాపెట్లకు ఫాస్ఫరస్ 1,000 నుంచి 1,200 పీపీఎం దాకా ఉన్న నూనె చూసుకోండి. సీసాలో మందు విడిగా కొని కలపడం కంటే అలా తయారైన నూనే నయం.

ప్రశ్న: "నా పాత క్యామ్, పాత టాపెట్లు బాగానే ఉన్నాయండీ. వాటినే వాడుకోవచ్చా?"

నిక్షేపంగా వాడుకోండి. ఒకే షరతు, ఏ టాపెట్ ఏ లోబు మీద తిరిగిందో మళ్లీ దాని మీదకే వెళ్లాలి. విప్పేటప్పుడే అట్టపెట్టెకు రంధ్రాలు చేసి, నంబర్లు రాసి గుచ్చండి. కలిసిపోయాయా, ఇక టాపెట్లు కొత్తవే, మీ క్యామ్ కూడా అనుమానమే.

ప్రశ్న: "రోలర్ టాపెట్లకు మారితే ఈ బాధలన్నీ పోతాయి కదా?"

జింకు బాధ పోతుంది. క్యామ్ కూడా రోలర్‌కు తగినదే కావాలి, చదును క్యామ్ మీద రోలర్లు నడవవు. పుష్‌రాడ్ల పొడవు మారుతుంది, స్ప్రింగులు మారుతాయి. క్యామ్ ఉక్కుదైతే డిస్ట్రిబ్యూటర్ గేరు దానికి తగిన లోహంలో ఉండాలి, లేకపోతే పళ్లు అరిగిపోతాయి. ఇవన్నీ ఒకే లెక్కలో రాసుకుని, అప్పుడు కూడా మారాలనిపిస్తే మారండి.

ప్రశ్న: "కొత్త క్యామ్ మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు మీరేం చేస్తారు?"

నూనె పంపును ముందే తిప్పి ప్రెషర్ తెప్పిస్తాను. కార్బురేటర్ గిన్నె పెట్రోలుతో నింపుతాను. ఇగ్నిషన్ టైమింగ్ రెండుసార్లు చూస్తాను, ఇంకొకరితో కూడా చూపిస్తాను. జంట స్ప్రింగులైతే లోపలివి తీసి పక్కన పెడతాను. స్టార్ట్ కాగానే 2,000 మీదకు తీసుకెళ్లి, 2,000కీ 2,500కీ మధ్య మారుస్తూ 20 నుంచి 30 నిమిషాలు. ఏదైనా కారితే ఇంజను ఆపేస్తాను, బాగుచేసి మళ్లీ నేరుగా 2,000కే. స్లోలో మాత్రం వదలను. అయ్యాక నూనె తీసేసి, ఫిల్టరు కోసి, లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో చూస్తాను. కాస్త బూడిద రంగు పేస్టు ఉంటుంది, అది మామూలే. తళతళా మెరిసే రవ్వలు కనిపించాయా, మళ్లీ విప్పుడే.

ఆ టాపెట్ ఎవరి దగ్గర ఉందండీ? ఇటు పంపండి.